తువ్వాలు పట్టుకుని

జిల్లా ఆస్పత్రిలో ఈసీజీ తీయడం నా పని.
గుండె రాసిన గీతల్ని చింపి ఇస్తాను,
చదివేది డాక్టర్లు.
చదువు అక్కర్లేని గీత ఒకటుంది:
వంకరలు మరిచిపోయి
ఎండాకాలం మహేంద్రతనయ ఇసుకలా
సాపుగా సాగిపోయేది.

ఇంటికొచ్చి పడుకున్నాక
ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు పెట్టి
లెక్కపెట్టుకుంటాను.
ముప్పై ఎనిమిదేళ్లదాన్ని, నవ్వకండి.
డెబ్బై రెండు. డెబ్బై ఆరు.
ఒక్క దెబ్బ ఆలస్యమైతే
లైటు వేసుకు కూర్చుంటాను.

అందుకే వెళ్లాను కూర్మాచారి దగ్గరికి,
పోయి వచ్చిన మనిషని
పర్లాకిమిడంతా చెప్పుకుంటుంటే.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం
కొమ్ము కాచే నిప్పుల ముందు పడిపోయాడు.
శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు లేదు,
ఆటోలో వేశారు.
పర్లాకిమిడి అయిపోయింది, పాతపట్నం ఇంకా రాలేదు,
ఒడియా బోర్డు వెనక, తెలుగు బోర్డు ముందు,
ఆ మధ్యలో ఆగింది ఊపిరి.
మేనల్లుడు గున్నయ్య
సైకిలుకి గాలి కొట్టడం తప్ప వైద్యం తెలియనివాడు,
అదే పని ఛాతీ మీద చేశాడు.
ఎంతసేపో ఎవరికీ తెలీదు.
ఏ రాష్ట్రంలో పోయాడో
ఏ రాష్ట్రంలో లేచాడో కూడా తేలలేదు.
జేబులో ఫోను మాత్రం
ఆంధ్రప్రదేశ్‌కి స్వాగతం అంది.

ఆ తర్వాత వచ్చారు అందరూ.
ఠాకురాణి గుడి పూజారి ఒడియాలో అడిగాడు,
అమ్మ పాదాలు కనిపించాయా అని.
పాస్టరుగారు తెల్లబట్టలవాళ్ల గురించి అడిగారు.
భార్య నీలవేణి చాలా రోజులు ఏమీ అడగలేదు.
ఒకరాత్రి అన్నం పెడుతూ
మూడేళ్లప్పుడు పోయిన పిల్లాడు
ఏ రంగు చొక్కా వేసుకున్నాడు, అంది.
అందరికీ అవునన్నాడు కూర్మాచారి.
నీలవేణికి మాత్రం, పసుపు, అన్నాడు.

నేను అవును కోసం రాలేదు.
బల్ల మీద సగం చెక్కిన కొంగ,
నేలంతా గేదెకొమ్ము రజను,
గోళ్లు కాలినట్టు వాసన.
జీవితమంతా యముడి వాహనం కొమ్ములే కోస్తున్నారు,
భయం వెయ్యదా, అన్నాను.
"ఆడి దున్న సచ్చినా
కొమ్ము నా బల్లకే వత్తాది" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పండి, అన్నాను.

ఆకురాయి పక్కన పెట్టాడు.
"ఏటి సెప్పమంటావమ్మీ.
ఎలుగూ నేదు, సీకటీ నేదు.
ఏదో ఉంది, నా నోటికి రాదు.
ఒకటి మాత్తరం ఎరుక.
బయిం నాతో రానేదు.
ఆటోలోనే కూకుంది, నా తువ్వాలు పట్టుకుని.
నానొచ్చీసరికి అక్కడే ఉంది పాపం,
మొకం తుడిసింది."

మెదడుకి గాలి అందకపోతే
ఏమేమో అనిపిస్తుందంటారు మా డాక్టరుగారు.
అదీ చెప్పాను.
"అయ్యుంటాది" అన్నాడు, కొంగ మెడ తిప్పి చూస్తూ,
"గాలందని కాడ బయానికీ అందదేమో."

మరి ఇప్పుడుందా?

"ఉండకేటి. అదిగో, గుమ్మంకాడ
నీదానితో కబుర్లాడతంది."

వచ్చేటప్పుడు ఒక పెచ్చు ఇచ్చాడు,
గీసి గీసి ఉల్లిపొరంత చేసింది.
కిటికీకి పట్టి చూశాను,
నల్లదనుకున్నది, తేనెరంగు.
ఇది జవాబు కాదు. ఆయనా అలా అనలేదు.
పర్సులో పెట్టుకో, ఇరిగిపోతాది, అన్నాడంతే.

ఈ రాత్రీ లెక్కపెట్టాను.
నలభై ఒకటి దగ్గర గుణుపురం బండి కూతేసింది.
ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోయాను.
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి.
పెట్టలేదు, కాసేపు.
వేళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి,
మణికట్టు మీద,
ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు.